టమాటా నారుకి టీకా

డెబ్బయ్యో దశకం చివర్లో నాకు తోటల పరిశోధన కేంద్రంలో చిన్న ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటివాణ్ణి నేనే. నన్ను చదివించినది మా బాబాయి. కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో కౌలుకి పొగాకు వేసేవారు.

అప్పట్లో టమాటా ఆకులు మచ్చలు పడి ముడుచుకుపోయే తెగులొకటి ఉండేది. మా కేంద్రంలో ఆ వైరస్‌నే బలం తగ్గించి, లేత నారుకి ముందుగా అంటించేవారు. బలం లేనిది ముందు చేరితే, బలమున్నది వచ్చినా ఏమీ చెయ్యలేదని లెక్క. మశూచికి టీకా లాంటిదేనని బాబాయికి నేనే చెప్పాను. ఆయన నా మాట నమ్మి, పొగాకు మానేసి చేనంతా టమాటాకే దున్నించారు.

నీరసించిన వైరస్ ఉన్న పసరుని వేళ్లతో నారు ఆకులమీద రుద్దాలి. అంతకుముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పొగాకు ముట్టకూడదు. ఎండిన పొగాకులో కూడా అదే తెగులు పూర్తి బలంతో బతికుంటుంది. ఇదంతా నాకు కాగితంమీద రాసిచ్చారు. పసరు తీసుకుని నేను వెళ్లేసరికి బాబాయి గట్టుమీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నారు. ఆయన ఎదుట ఏనాడూ గొంతెత్తి ఎరగను. చుట్ట పారేసి చేతులు కడుక్కోమనడానికి నాకు నోరు రాలేదు. మర్యాదట మర్యాద! తీసుకెళ్లి గోదాట్లో కలపాలి అలాంటి మర్యాదని.

“కానిచ్చేద్దామేంట్రా అబ్బాయ్?” అంటూ చుట్ట నోట్లో పెట్టుకుని, అవే చేతులతో మొక్కమొక్కకీ ఓపిగ్గా రుద్దారు.

నాటిన కొన్ని వారాలకే చేనంతా ముడుచుకుపోయింది. టీకా ఊసే ఎరగని పక్క చేను మాత్రం కాసింది.

మా ఆఫీసరుగారు వచ్చి చూశారు. “పొగాకు సంగతి ఈయనకి చెప్పేవా?” అని నన్ను పక్కకి పిలిచి అడిగారు.

“చెప్పేనండి,” అన్నాను. ఉద్యోగం కొత్త, భయం పాతది. రైతు అజాగ్రత్త అని రాసుకుని ఆయన జీపెక్కారు.

బాబాయి మొక్కలన్నీ పీకి గట్టుమీద పోశారు. తిట్టినా బాగుండేది. ఊళ్లో ఎవరు నారు పోసినా, చెయ్యి మంచిదని మొదటి గుప్పెడు విత్తనం ఆయన చేతే చల్లించుకునేవారు. ఆ ఏడు పిలవడానికి వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేశారు. వాళ్లు వెళ్లాక నావైపు తిరిగారు.

“నువ్వు తెచ్చిన మందు మంచిదేరా. నా చెయ్యే మంచిది కాదు. అంతేనంటావా?”

“ఆయ్,” అని తలూపాను.