తడిసిన సీటు

"ఇప్పుడన్న చెప్తవా అవ్వా?" అని అడిగింది ఆ పిల్ల. "నాకేం లేదు బిడ్డా, మంచిగున్న" అని బస్సు దిగిన.

వనపర్తిల ఎక్కి నా పక్కన కూసున్నది. మామూలు కాన్పయినంక ఆడోళ్ల ఒంట్లె ఏమేం తేడాలొస్తయో పరిశోధన చేస్తుందట. "దగ్గితే ఉచ్చ జారుతదా అవ్వా?" అని నా చెవుల అడిగింది.

"ఛీ, బస్సుల అడిగే మాటలేనా గివి?" అని కసిరిన. కసిరినంక దగ్గొచ్చింది. పెద్దోడు పుట్టిన కాన్నుంచి ఉన్న బాధనే. చీర తడిసింది, సీటు తడిసింది.

ఆ పిల్ల చూసింది. తన సీసల నీళ్లు నా ఒళ్లె ఒంపింది.

"సీటంత తడిపిందెవరమ్మా?" అని కండక్టర్ అరిసిండు.

"నా సీస ఒలికిందన్నా" అన్నది.

గంత చేసిన పిల్లకు గూడ నిజం చెప్పనీకి నోరు రాలే. మీ మామ సచ్చిపోయేదాక ఆయనకే చెప్పలే.

రాసినవా కోడలా? జర సదివి ఇనిపియ్యి. మెల్లగ సదువు, అరుగు మీద మొగోళ్లున్నరు.