నీలం పరదాల బండి

నేనొక అబద్ధాన్ని ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. దానివల్ల నాకు లాభమేమీ రాలేదు. అందుకే కాబోలు, ఇంత బరువు. దొంగతనం చేసినవాడికి కనీసం దొంగిలించిన వస్తువైనా మిగులుతుంది. నాకేం మిగిలింది? నా భార్యకు కూడా ఇది చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్మల్ని ఎరుగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైలలో నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. మాది కరీంనగర్ వైపు. కూలీలుండే కాంపులో నా పక్క మంచం ఏసోబుది. గోదావరి జిల్లావాడు, ఒక కంపెనీలో పికప్ నడిపేవాడు. అతని భార్య సువార్త జుమేరాలో ఒక ఇంగ్లీషు కుటుంబం ఇంట్లో పనిచేసేది. ఆలుమగలు ఒకే ఊళ్లో ఉండి కూడా శుక్రవారాలు మాత్రమే కలుసుకునేవాళ్లు. ఆ ఇంటికి అతను పోకూడదు. ఈ కాంపుకు ఆమె రాకూడదు. చర్చి అయ్యాక సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చునేవాళ్లు. ఎవరైనా ఆపి అడుగుతారేమోనని ఏసోబు పెళ్లి కాగితం జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పిల్లలు లేరు. సువార్తకు ముప్పై దాటాయి. గురువారం వెళ్లి శుక్రవారం సాయంత్రం రావచ్చని ఆమె మేడమ్ అనుమతి ఇచ్చింది. కానీ ఎక్కడికి వెళ్లాలి?

అప్పుడే మా గ్యారేజీకి ఒక పాత వ్యాను అమ్మకానికి వచ్చింది. ఎడారిలో సర్వే పనులు చేసే ఒక జర్మనీ ఇంజనీరుది. వెనక మడత మంచం, చిన్న గ్యాసు పొయ్యి, కిటికీలకు నీలం పరదాలు. రంగు వెలిసిపోయింది, ఒక తలుపు సొట్టపోయింది. దాని పక్కనే మా ముదీర్, అంటే మేనేజరు, ఇంకో వ్యాను పెట్టాడు. కొత్త మోడలు. తళతళలాడుతోంది గానీ లోపల ఖాళీ. పాతది వాళ్లు దాచుకున్నదానికి వచ్చేస్తుంది. కొత్తది కావాలంటే ఇంకో ఏడాదైనా ఆగాలి, మంచం వేరే చేయించుకోవాలి.

ఒక శుక్రవారం ఇద్దరూ చూడడానికి వచ్చారు. గ్యారేజీకి సెలవు, తాళం నా దగ్గరుంది. సువార్త పాత వ్యానులోకి ఎక్కింది. మంచం వాల్చి, అరచేత్తో తడిమి, కూర్చుంది. పొయ్యి మీద ఎంత గిన్నె పడుతుందో రెండు చేతులతో కొలిచి చూసింది. తర్వాత పరదా లాగింది. లోపల ఏసోబు ఏదో అన్నాడు. ఆమె నవ్వింది.

నేను బయట నిలబడి ఆ నవ్వు విన్నాను. నేను ఇంటికి పోయి మూడేళ్లు దాటింది.

ఏసోబు దిగి వచ్చాడు. "అన్నయ్యా, నడపడం తప్ప ఇంజన్ సంగతి నాకేం తెలుసు. నువ్వెలాగంటే అలాగే. తీసుకోమంటావా?"

కొన్ని నెలల ముందు ఆ జర్మనీ ఇంజనీరు రిపేరుకు తెచ్చినప్పుడు ఆ ఇంజన్‌ను నేనే విప్పి, రింగులు మార్చి, బిగించాను. దాని మంచిచెడ్డలు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

"వద్దు తమ్మీ" అన్నాను. "దీని ఇంజన్ ఖలాస్ అయింది. యాడన్న ఎడారిల ఆగిపోతే ఇద్దరు ఎండకు సస్తరు. జర ఆగి కొత్తదే కొనుక్కోండ్రి."

సువార్త వ్యాను మెట్టు మీద కూర్చుని వింది. "మంచం బాగుందండి, అన్నయ్యగారూ. ఇంజను బాగుచేయిస్తే అవ్వదంటారా?"

"కాదు చెల్లె."

ఆమె లోపలికి వెళ్లి మంచం మళ్లీ మడిచి పెట్టింది.

ఎందుకన్నాను? నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. రెండోసారి ఆమె అడిగినప్పుడు దిద్దుకోవడానికి వీలుంది, దిద్దుకోలేదు. వాళ్ల మీద నాకు కోపం లేదు, పగ లేదు; నాకు లేనిది ఆ పరదా వెనక వాళ్లకు దొరకబోతోందని మాత్రం తెలుసు, అది దొరక్కుండా చేయడానికి ఒక్క మాట చాలునని కూడా తెలుసు.

తర్వాతి వారం ఏసోబు చేపల పులుసు వండి నాకు ముందు వడ్డించాడు. "మోసపోకుండా కాపాడావన్నయ్యా" అన్నాడు. తిన్నాను. ఇంకొంచెం అడిగి వేయించుకున్నాను.

ఏడాది తిరగకముందే ఆ ఇంగ్లీషు కుటుంబం తమ దేశం వెళ్లిపోయింది. సువార్త వీసా రద్దయింది, ఊరికి పోయింది. కొంతకాలానికి కువైట్‌లో పని దొరికి అక్కడికి వెళ్లింది. ఏసోబుకు సెలవు దొరికి ఊరికి పోతే అప్పుడు ఆమె కువైట్‌లో. ఆమె వచ్చేసరికి ఇతను దుబాయ్‌లో. అలా గడిచాయి వాళ్ల ఏళ్లు. పిల్లలు కలగలేదు.

వ్యాను కొన్నా కలిగేవాళ్లని ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్న చాటున చాలా ఏళ్లు దాక్కున్నాను. కానీ ఆ బండిలో వాళ్లు గడపాల్సిన గురువారం రాత్రుల మాటేమిటి? వాటిని మాత్రం నేనే తీసేశాను. అందులో అనుమానం లేదు.

పాత వ్యానును ఒక ఈజిప్టు మాస్టారు కొన్నాడు. పెళ్లాం పిల్లలతో కొండలకీ సముద్రానికీ తిరిగేవాడు. ఆయిలు మార్పించడానికి నా దగ్గరికే వచ్చేవాడు. నేను దుబాయ్ వదిలి వచ్చేదాకా ఆ బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

వాళ్లిద్దరూ ఇప్పుడు నరసాపురం దగ్గర ఉంటున్నారు. పండక్కి ఏసోబు ఫోన్ చేస్తాడు, ఇప్పటికీ అన్నయ్యా అంటాడు. చెప్పాలా? చెబితే ఎవరి బరువు తగ్గుతుంది? వాళ్లది కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు.

ఆ బండి మంచిది. ఈ మాట నా నోటితో నేను అనడం ఇదే మొదటిసారి.