మా అత్తగారి చలికాలం

మా అత్తగారి లెక్క ప్రకారం చలికాలం నేను ఉద్యోగంలో చేరిన రోజు వచ్చింది. ఆ తర్వాత ఇక పోలేదు. తొంభైల చివర్లో, మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. అలాంటి ఒక మేడలో నాకు పని దొరికింది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలన్నీ నాలుగంకెలు చేయాలి. యంత్రాలు వేడెక్కకూడదని ఆ హాల్లో ఏడాది పొడుగునా ఏసీ వణికించేది. మేం కూకట్‌పల్లిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. నేను, మా ఆయన, కొత్త కాపురం చక్కదిద్దడానికని కడప నుంచి వచ్చి ఇక తిరిగి వెళ్లని మా అత్తగారు.

దీపావళి తర్వాత చేరాను, మొదటి వారంలోనే జలుబు చేసింది. "ఆ చలి మిషన్ కింద కూర్చుంటే రొమ్ము పట్టక యాడికి పోతాది?" అంటూ ఆమె అటక మీది డబ్బాలు దించారు. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో, చలికి తెల్లారుజామున పొలం పోయే మగవాళ్లకు చేసిన వైద్యమంతా నా మీద ప్రయోగించారు. పొద్దున శొంఠి, మిరియాలు, ధనియాలు మరిగించిన కషాయం. ఛాతీకి కర్పూరం కరిగించిన కొబ్బరినూనె. కాల్చిన పసుపుకొమ్ము పొగ ముక్కుకు, ఆముదం మాడుకు, దూది చెవులకు. సాయంత్రం వాము మూటతో కాపడం, ఆపైన వెల్లుల్లి దట్టించిన ఉలవకట్టు అన్నం. అబద్ధమెందుకు, ఆ చలిలో అదంతా హాయిగానే ఉండేది. దుప్పటి ముసుగులో ఆవిరి పడుతూ ఆమెను మనసులో దీవించిన రోజులున్నాయి.

శివరాత్రి వెళ్లింది, ఉగాది వెళ్లింది, కషాయం మాత్రం ఆగలేదు. ఎండలు మండిపోతుంటే స్వెట్టర్ తొడుక్కుని గేటు దాటుతున్న నన్ను చూసి కింది వాటాలో ఉండే ఓనరమ్మ, "ఏంది పిల్లా, గీ ఎండల స్వెట్టరేంది? పాణం మంచిగున్నదా?" అని అడిగింది. ఇక కిటికీలు తెరుచుకోని ఆఫీసు హాల్లో కర్పూరం, వెల్లుల్లి కలిసి ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. పక్క సీటాయన ఒకరోజు ఎంతో మర్యాదగా "మీ ఇంట్లో ఏమైనా హోమం జరుగుతోందాండి?" అని అడిగాడు. మర్నాడు ఇంకో వరుసలోకి మారిపోయాడు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ నేను తుమ్మిన ప్రతి తుమ్మూ నా ఉద్యోగం మీద ఒక ఫిర్యాదైపోయింది. నేను తుమ్మగానే, ఉద్యోగం మానేస్తే సరి అన్నట్టు తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మే నెలలో అన్నన్ని మిరియాలు తాగితే ఏమవుతుంది? నోరు పూసింది, కళ్లు మండాయి. అది కంప్యూటర్ వేడి అని తేల్చారు. ఏసీ చలవ చేస్తోంది, కంప్యూటర్ వేడి చేస్తోంది, ఇంట్లో పోసే కషాయం మాత్రం ఏ పాపం ఎరుగదు. చివరికి తుమ్ము వస్తే స్నానాలగదిలోకి పరుగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తుమ్మేదాన్ని. అదీ ఒక విద్యే, అందులో నాకు మంచి పట్టు చిక్కింది.

మా ఆయనదీ ఏసీ ఆఫీసే. జలుబు ఆయనకు నాకంటే ఎక్కువగానే చేసేది. ఆయన తుమ్మితే ఇల్లంతా మెత్తబడిపోయేది. పసుపు వేసిన మిరియాల పాలు, అరికాళ్లకు నూనె, "పండుకో నాయనా, శానా కష్టపడ్తాండావు" అన్న ఓదార్పు. ఇదంతా చూస్తున్న ఓనరమ్మ ఒకరోజు మెట్ల మీదే అనేసింది. "కొడుకు తుమ్మితే పాలు, కోడలు తుమ్మితే నౌకరి బంద్ జేసుడా? మంచిగున్నది వదినె నీ దవాఖాన." మా అత్తగారు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ మే నెల మొదట్లోనే మా ఆయన తీర్పు చెప్పేశాడు. కోపంగా కూడా కాదు, పేపరు మడతపెడుతూ. "అమ్మ చెప్పేది నీ మంచికే గదా. నెలాఖరుకు రాజీనామా ఇచ్చెయ్. ఆరోగ్యం కంటే ఉద్యోగం ఎక్కువా?" నాకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఆ హాల్లో నేను ఎవరి కోడలినో ఎవరికీ తెలియదు, అందరూ నా పేరు పెట్టి పిలుస్తారు. అది పోతుందంటే ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఆ నెలలోనే ఒక శనివారం, ఏడాదికోసారి ఇచ్చే విందుకు ఇంట్లోవాళ్లను తీసుకురమ్మని ఆఫీసువాళ్లు పిలిచారు. మా ఆయన రానన్నాడు. అత్తగారు మాత్రం శత్రువును కళ్లారా చూసి రావడానికి బయల్దేరారు. శాలువా, మంకీ టోపీ, ఫ్లాస్కు నిండా కషాయం. ఆఫీసు బస్సులో అంత ఎండలోనూ ఆ టోపీ తీయలేదు.

భోజనాలయ్యాక ఆమెను ముందు గదిలో ఏసీ కింద సోఫా మీద కూర్చోబెట్టి, మా ఆఫీసువాళ్ల దగ్గరికి వెళ్లాను. కాసేపటికి వచ్చి చూస్తే టోపీ ఒళ్లో ఉంది. మళ్లీ వస్తే శాలువా తలగడైంది. ఆ తర్వాత వచ్చేసరికి నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నారు. నా పెళ్లయ్యాక ఆమె పగటిపూట నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో ఉన్నంతసేపూ మాలో ఎవరో ఒకరం కాఫీ అడుగుతూనే ఉంటాం. సాయంత్రం బస్సు వేళకు నేను లేపితే, చుట్టూ చూసి "ఇంతసేపూ ఎవురూ నన్ను లేపలేదే" అన్నారు. ఆ మాటలో నమ్మలేకపోవడం తప్ప ఇంకేమీ లేదు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. ఆమె స్టవ్ వెలిగించి కొంగుతో మెడ తుడుచుకుంటుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "చూసినావు గదమ్మా ఆ చలి. మానేయమని నువ్వే చెప్పు" అన్నాడు. అంటూనే తుమ్మాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. "పడకుంటే నువ్వే మానుకో నాయనా. నీ రొమ్ము చిన్నప్పట్నించీ అంతంతమాత్రమే."

మా ఆయన ముక్కు తుడుచుకుంటూ అవతలి గదిలోకి వెళ్లిపోయాడు. మిరియాల పాలు అడుగుదామనుకున్నాడేమో, అడగలేదు.

నెలాఖరు వచ్చి వెళ్లింది, రాజీనామా మాట ఎవరూ ఎత్తలేదు. నా కషాయమూ ఆగిపోయింది. అంత హాయిగా కూర్చునే మనిషికి జలుబేమిటన్నది ఆమె కొత్త వైద్యం. నాకు నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక ఒక సంగతి అర్థమైంది. ఇల్లంతటికీ వేడి, చలవ చూసే ఆమెకు, ఏళ్ల తరబడి పొయ్యి ముందు నిలబడి వేడి చేసిందేమోనని ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు.

ఒక సోమవారం నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె గుమ్మం దాకా వచ్చారు. "మళ్లా ఎప్పుడు పిలుస్తారంట మమ్మల్ని?"

"వచ్చే ఏడాది అత్తా."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టారు. "సరే. అంతవరకు ఆ ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో."