బాపు ఫొటోకు ఏ లైటు?

మా బాపును, అంటే నాన్నను, ఒక్క మధ్యాహ్నంలో రెండు రకాల వెలుగుతో ఎలా హడలగొట్టానో చెబుతాను. మీరు నవ్వండి, పర్వాలేదు.

బొగ్గు గనుల ఊరు మందమర్రిలో ఫొటో స్టూడియో తెరిచి నెల కాలేదు. "ఆడపిల్లకు గీ కెమెరాలెందుకు?" అన్న కాలనీ మొత్తానికి బాపు ఒక్కడే ఎదురు నిలిచాడు. ఆ సాయంత్రమే ఆయన రిటైర్మెంట్ సన్మానంలో, ఆ కాలనీ ముందే, నేను తీసిన ఫొటో ఫ్లెక్సీ మీద మెరవాలి.

ఎప్పుడూ వెలిగి ఉండే లైట్లా, ఫ్లాషా? వారం రోజులు తల బద్దలు కొట్టుకుని లైట్లే కొన్నాను. నీడ ఎక్కడ పడుతుందో ముందే కనిపిస్తుంది కదా! వేడి మాత్రం కనిపించలేదు. ఆ బల్బుల ముందు బాపు పెనం మీది రొట్టెలా కాలాడు.

"కండ్లు మండుతున్నయ్ బిడ్డా."

"జర ఆగు బాపు, నీడ సరిచేస్తున్న."

నీడ సరయ్యేసరికి మీసాలకు వేసిన రంగు చెమటతో కలిసి గడ్డం దాకా కారింది. పక్కనే ఉన్న అవ్వ, అదే మా అమ్మ, నెత్తి కొట్టుకుంది. "డ్యూటీ అయిపాయె అనుకుంటే, మల్ల బొగ్గుబాయిల దిగొచ్చినట్టున్నడు!"

ఇంతలో ఫ్లెక్సీ వాళ్ల ఫోన్. "అక్కా, ఫొటో ఏది? మిషన్ కాడ్నే కూసున్నం."

"ఐదే నిమిషాలు తమ్మీ!"

బాపు మూతి తుడిచి, పక్క స్టూడియో నుంచి ఫ్లాష్ పట్టుకొచ్చాను. వేడి ఉండదు, రెప్పపాటులో పని అవుతుంది. కంగారులో ఒక్కటే మరిచాను: బాపు గనిలో ముప్పై ఏళ్లు బండకు మందు పెట్టి పేల్చిన మనిషి.

ముందు పనిచేస్తుందో లేదో చూద్దామని ఫ్లాష్ మీట ఒక్కటే నొక్కాను. 'టప్'మంది. గదంతా తెల్లబడింది.

"పేలింది! పండుండ్రి!" అంటూ బాపు అవ్వను లాక్కుని టేబుల్ కిందికి దూరాడు.

నేను కెమెరా నొక్కేసరికి ఫొటోలో ఖాళీ కుర్చీ పడింది. వెలుగు మాత్రం అద్భుతం!

"బాపూ, అది లైటే. లే!"

"పొగ పోయేదాంక ఎవలు కదలద్దు!"

ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆయన కుర్చీ ఎక్కలేదు. ఫోన్ మళ్లీ మోగింది. బాపు పాత గుర్తింపు కార్డు మీది ఫొటోనే పంపేశాను.

సాయంత్రం సభలో, ఫ్లెక్సీ మీద పాతికేళ్ల కుర్రాడు ఉద్యోగ విరమణ చేస్తున్నాడు. జనం నవ్వులకు నేను తలెత్తలేదు. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"గీ పిలగాడు మంచిగున్నడు. ఎవల కొడుకు?"

"మీ అత్త కొడుకే!" అన్నాడు బాపు, మీసం దువ్వుకుంటూ.

ఆ సభలోనే, అందరూ చప్పట్లు కొడుతుండగా, కళ్లు మూసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటి మనిషి ఏ పని చేసి వచ్చాడో అడగకుండా, ఈ జన్మలో ఇక ఏ స్విచ్చూ నొక్కను.