గంజి చీర, చీమల బారు

ఇది ముందే రాయలేకపోయాను. యాభై ఏడేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు లేవు. మగ్గం మీద అంచు పోగులు లెక్క తప్పకుండా ఎత్తేదాన్ని గానీ, బస్సు మీది ఊరి పేరు మాత్రం పక్కవాళ్లను అడగాల్సిందే. చదువుకున్నవాళ్లు నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడతారు. నాకు ఆ దారి లేదు. నోటితో చెబుదామంటే సిగ్గు.

మా ఆయన పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేక, సాయంత్రాలు బడిలో ఆడవాళ్లకు చెప్పే చదువుకు వెళ్లాను. రెండేళ్లకు మా పంతులమ్మ అందరినీ సోమశిల తీసుకుపోయింది. ముందురోజే కొల్లాపూర్ చేరి, పొద్దున్నే కృష్ణలో చెక్క పడవ ఎక్కాం. పైన తడకల కప్పు, ముందు వంట పొయ్యి, వెనక ఇంజను. నేను ఇంజను పక్కన కూర్చున్నాను. ఆ చప్పుడులో ఎవరూ ఎవరితో మాట్లాడరు. నేను ఎందుకు మాట్లాడడం లేదని ఎవరూ అడగరు.

మూడో నీళ్ల సీసా మూత తీస్తుంటే మా తరగతిలో ఒకామె చూసి, ఇంజను చప్పుడు మీదుగా అరిచింది.

"ఏందక్కా, గా సీసాలన్ని నువ్వే తాగితివి! ఇగ కిష్ణమ్మను గూడ ఎండబెడ్తవా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు నెలలుగా తీరని దూప అది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు?

చాయ్ కోసం ఇంజను ఆపారు. అందరం పొయ్యి దగ్గర చేరాక వంటాయన చక్కెర డబ్బా తెరిచాడు. నిండా చీమలు. ఒకామె వాటిని తిట్టింది. పంతులమ్మ వెంట వచ్చిన పెద్దావిడ, జడ్చర్లలో నర్సుగా చేసి రిటైరైనామె, చేయి అడ్డం పెట్టింది.

"నాకు చక్కెర ఎయ్యకు, బీమారి ఉంది. చీమల్ని తిట్టకుర్రి. గీ బీమారిని మొదలు పట్టింది గవే. మిషన్లు లేని కాలంల వైద్యులు మూత్రానికి చీమలు పడుతున్నయా అని సూసేటోళ్లంట. పడితే తీపి రోగమన్నట్టు. గందుకే మధుమేహమన్నరు. మధువంటే తేనె గద."

"చీమలే డాక్టర్లా నర్సమ్మా!"

"చీమలు నయం. బయటి దేశాల డాక్టర్లు నాలికె మీద ఏసుకొని సూసేటోళ్లంట."

"థూ! చాయ్ తాగేటప్పుడు గదేం ముచ్చటమ్మా!"

పడవంతా నవ్వులు. నా చేతిలో గ్లాసు అలాగే ఉంది.

మా అమ్మ నూలుకు గంజి పెట్టేది. కుచ్చిళ్లు ఎప్పుడూ గంజిలో తడిసి ఉండేవి. కడవలకు కడవలు నీళ్లు తాగేది. "గీమె బాయి ఎండబెడ్తది" అని మా అవ్వ దెప్పేది. అమ్మ ఒంటికి వెళ్లొచ్చిన చోట చీమలు బారు కట్టేవి. నేను అడిగితే, "గంజి చీర గద బిడ్డా, గందుకే. ఎవలకు చెప్పకు" అంది. సాలెవాళ్ల ఇంట్లో గంజికి చీమలు పట్టడం వింత కాదు. నమ్మాను. కానీ అమ్మ చిక్కిపోయి మంచం పట్టాక గంజి కుండ ముట్టనే లేదు. అయినా చీమలు వచ్చాయి. పదేళ్లదాన్ని, నాకు తెలిసింది అది గంజి కాదని. నీళ్లు చల్లి చీమలను తోసేశాను. ఎవరికీ చెప్పలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆ ఏడే పోయింది.

"గీ బీమారికి ఇచ్చే సూది ఎప్పుడొచ్చిందమ్మా?" అని నర్సమ్మను అడిగాను.

"నూరేండ్లయితాంది. అంతకుముందు తిండి బందు పెట్టుడే మందు. పోరగాండ్లు ఎండి, ఒట్టి బొక్కల గూడై పోయేటోళ్లు. తర్వాత పశువుల కడుపుల నుంచి మందు తీసి సూదిల ఎక్కించిన్రు."

అమ్మ పోయి యాభై ఏళ్లు కాలేదు. నల్లగొండ దాకా తీసుకుపోయి ఉంటే ఆ సూది దొరికేదేమో.

"గట్ల అడుగుతున్నవ్, మీ ఇంట్ల ఎవలకన్న ఉందా?"

"లేదమ్మా" అన్నాను.

అమ్మ మాట మళ్లీ నిలబెట్టాను. మళ్లీ ఇంజను వేసి ఒడ్డు చేర్చేదాకా నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. నార్కట్‌పల్లి దాటి ఊరు చేరేసరికి చీకటి పడింది. తాళం తీసి, కడవ ముందు కూర్చుని నాలుగు చెంబులు తాగాను.

మర్నాడు పొద్దున పెరట్లో స్నానాల బండ అంచున చీమల బారు ఉంది. రోజూ బకెట్ నీళ్లు కొట్టేదాన్ని. ఆ రోజు కొట్టలేదు. నోట్‌బుక్కులోంచి కాగితం చింపి రాసుకుని, మొదటి బస్సుకు దవాఖానకు పోయాను. నా వంతు వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు. నాకు కొడుకయ్యే వయసు. కాగితం ఇచ్చాను.

'దూప ఆగుత లేదు. మా అమ్మకు చిమలు పట్టేవి. నాకు పడుతున్నయి.'

"చిమలు అంటే?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆయన కలమే అడిగి, దీర్ఘం పెట్టి మళ్లీ ఇచ్చాను.