తంగేడు దేశపు జెండా

నిన్న కొత్త తువ్వాల మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నేను ఒక దేశానికి జెండా తయారుచేసిన రోజులు గుర్తొస్తాయి. అవును, దేశానికే. దాని రూపకర్తను నేనేనని జగిత్యాలలో చాలామందికి చెప్పాను. మీకూ అదే చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రాధమ్మ టీచర్ గురించి రాస్తూ కోతలు కోయబోతే కలం సాగడం లేదు. నేను గీసింది సింహాన్ని. దానికి పడింది ఒకే ఓటు, అది నాదే.

అన్నల కాలం అది, అంటే ఊళ్లలో నక్సలైట్లు తిరిగే రోజులు. కోరుట్లలో ఒక బడికి నేను కొత్తగా వచ్చిన డ్రాయింగ్ మాస్టర్ని. రాధమ్మ అక్కడ పెద్ద టీచరు. పౌరశాస్త్రం బట్టీ పడితే వచ్చేది కాదని, ఆమె ఏడో తరగతి పిల్లల చేత ఏకంగా ఒక దేశాన్నే పెట్టించింది. పేరు తంగేడు దేశం. జెండా ఎలా ఉండాలన్న దాని మీద పిల్లల సభ రోజుల తరబడి నడిచింది. నా సింహాన్ని చూసి లత అనే పిల్ల లేచి, "సారూ, ఇది మా బర్రెదుడ్డె లెక్కున్నది" అంది. సింహం కాస్తా గేదెదూడ అయిపోయి, చివరికి పసుపుపచ్చ గెలిచింది. ఎరుపు మాత్రం చుక్కయినా వద్దని అందరూ ఒప్పుకున్నారు. ఎర్ర తువ్వాల భుజాన వేసుకున్నా పోలీసులు ఆపి ఆరా తీసే రోజులు మరి.

బట్ట నేసే పనిని సిరిసిల్లలో ఉన్న లత మేనమామకు అప్పగించాం. గంజి వాసన కొడుతూ వచ్చిన జెండా నిండా తంగేడు పూల రంగే. కానీ రెండు పక్కలా ఎర్రటి అంచు!

"అంచు లేని బట్ట పీనుగు మీద కప్పేటిదట టీచర్. దేశానికి గసొంటిది నెయ్య అన్నడు మామ" అని లత తల వంచుకుంది.

రాధమ్మ నవ్వేసింది. "మామ మన దేశం సల్లగుండాలనుకున్నడు. ఎగరేద్దాం."

ఎగరేసిన కాసేపటికే జీపు వచ్చింది. పది తుపాకుల ముందు నేను రొమ్ము విరుచుకుని నిలబడ్డానని మా మనవలకు చెప్పాను. తుపాకులు రెండే, నేను సభ కోసం ఆవరణలో నిలబెట్టిన నల్లబల్ల వెనక ఉన్నాను. ఎదురుగా నిలబడింది ఆమె.

"ఎవలదమ్మా గీ జెండా? అన్నలదేనా?" అన్నాడు ఎస్సై.

"ఏడో తరగతోళ్లది సార్. మొన్ననే స్వతంత్రమొచ్చింది."

"పరాచికాలొద్దు. దించుండ్రి. లేకుంటే మీరు జీపెక్కాలె."

ఆమె ఒక బెంచీ ఆయన ముందుకు జరిపింది. "సభ ఒప్పుకున్న జెండా సార్, సభనే దించాలె. కూసోండ్రి, మీ మాట గూడ చెప్పుండ్రి."

ఏమనుకున్నాడో, ఆయన పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చున్నాడు. అంచు కోసెయ్యాలని తన ప్రతిపాదన పెట్టాడు.

"కోస్తే పోగులూడుతయి సార్. లోపటికి మడిచి కుడుదాం" అంది లత.

"ఎర్రది లోపట ఉంటది గద?"

"ఉంటది సార్. కనబడదంతే."

ఆయన టోపీ తీసి, తల గోక్కుని, లత మాటకే ఓటంటూ చెయ్యెత్తాడు. పిల్లలంతా చేతులెత్తి ఒకటే కేరింతలు.

రాధమ్మ మాత్రం నల్లబల్ల వైపు చూస్తోంది. "డ్రాయింగ్ సారూ, మీ చెయ్యి లేవలే. ఎందుకో చెప్పాలె."

నాకు తెలిసిన గొప్పలన్నీ నాలుక చివరికొచ్చాయి. అయినా నోట్లోంచి వచ్చింది వేరే మాట. "భయమైతున్నది టీచర్."

"భయం గూడ ఒక అభిప్రాయమే. సభ విన్నది" అందామె. ఎస్సై టోపీ పెట్టుకుంటూ, "జీపెక్కినప్పుడల్ల నాగ్గూడ అయితది సారూ" అని మెల్లగా అన్నాడు.

రాధమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా కోతలు మాత్రం తగ్గలేదు. పోయిన నెల డాక్టరు నా గుండెకు ఆపరేషన్ అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ధైర్యం చెబుతుంటే, "అదెంత, చీమ కుట్టినట్టు" అనబోయాను. అనలేదు. చెయ్యెత్తి, "నాకు భయమైతున్నది" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూలబడింది. "పొద్దటిసంది గీ మాట ఎవలన్న అంటరా అని సూస్తున్న" అంది.

ఆ తర్వాత ఇద్దరం చాయ్ తాగాం.