నా పాస్‌వర్డ్‌ను చెరిపిన అమ్మాయి

చాలా ఏళ్లపాటు మా ఆఫీసులో అందరికీ అవసరమైన మాట ఒకటి నాకొక్కదానికే తెలిసి ఉండేది. అది పాస్‌వర్డ్.

మాది బిలాస్‌పూర్‌లో, లింగియాడీహ్ రోడ్డులో ఒక మందుల షాపు పైనున్న చిన్న డ్రాయింగ్ ఆఫీసు. సీపత్ పవర్ ప్లాంటులో పనులు చేసే కాంట్రాక్టర్లకు ఇనుప కట్టడాల డ్రాయింగులు గీసి ఇస్తాం. గీసేవాళ్లు గీస్తారు, కంప్యూటర్లూ ప్రింటర్లూ వైర్లూ నేను చూసుకుంటాను. డ్రాయింగులన్నీ నా బల్ల కిందున్న పాత కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. ఎవరి సీట్లోంచి వాళ్లు ఆ ఫోల్డర్ తెరవాలంటే అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ప్రతి కంప్యూటర్‌లోనూ నేనే దాన్ని కొట్టి, గుర్తు పెట్టుకోమని టిక్కు పెట్టేదాన్ని. అయినా ఏదో ఒక అప్‌డేట్ తర్వాత ఎవరిదో ఒక మెషిన్ మరిచిపోయేది. వెంటనే హాలు ఆ చివర నుంచి కేక వినపడేది.

"దీదీ, పాస్‌వర్డ్!"

నేను నిదానంగా లేచి వెళ్లేదాన్ని. "ముఖం అటు తిప్పండి" అనేదాన్ని. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా బుద్ధిగా కిటికీ వైపు తిరిగి రోడ్డు చూస్తూ కూర్చునేవారు. మా నాన్న లోకో షెడ్డులో పనిచేసిన రోజుల్లో ఆయన సంతకం లేనిదే ఇంజను షెడ్డు దాటేది కాదని అమ్మ గొప్పగా చెబుతుండేది. ఆ గొప్ప ఎలాంటిదో ఆ కొన్ని క్షణాల్లో నాకు తెలిసేది.

ఒక వానాకాలంలో ఆ గొప్ప కాస్తా చెడింది. స్తంభం కింద వేసే ప్లేటు డ్రాయింగును ఎవరో తెరిచి, కొలతలు మార్చి, అదే పేరుతో సేవ్ చేసేశారు. వర్క్‌షాపులో రంధ్రాలు తప్పు చోట పడ్డాయి. కాంట్రాక్టరు వచ్చి మెట్ల మీద నుంచే అరిచాడు. ఆయన వెళ్లాక మా సార్ నన్ను పిలిచాడు. ఆయన ఇక్కడివాడే, మాతో హిందీలోనే మాట్లాడతాడు.

"దీదీ, యే కిస్‌నే కియా?"

ఎవరు చేశారో నేనెలా చెప్పను? కంప్యూటర్‌లో చూస్తే మార్చినవాళ్ల పేరు దగ్గర ఆ ఉమ్మడి పేరే ఉంది. అందరూ ఒకే ముఖం తగిలించుకుని లోపలికి వెళ్లినప్పుడు దొంగెవరో దొరెవరో ఎవరికి తెలుస్తుంది? నేను తల దించుకున్నాను.

దసరా దగ్గర పడుతుండగా సార్ ఒక అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నాడు. వరంగల్ వైపు ఆమె. భర్త బ్యాంకులో ఆఫీసరు, బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చాడు. హైదరాబాద్‌లో ఇదే పని చేసిందట. వచ్చిన రోజే నా బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, మీరు తెలుగువాళ్లని సార్ చెప్పిండ్రు. నాకెంత ధైర్యమొచ్చిందో! ఇదంతా ఇన్నేండ్లు మీరొక్కరే చూస్కున్నరా?"

ఆ మాటకు సంతోషించాల్సింది పోయి, "చూస్కున్నరా" అనడంలోనే ఇక చూసుకోనక్కర్లేదనే మాట నాకు వినిపించింది.

ఆమె చేయబోయే పని సార్ ముందు తేట నీళ్లలా వివరించింది. ఒక పెద్ద కంప్యూటర్ పెడతారు. అందులో ఎవరి పేరు వాళ్లకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఉంటుంది. పొద్దున వచ్చి ఎవరి సీట్లో వాళ్లు ఒక్కసారి కొడితే చాలు, ఆ పెద్ద కంప్యూటర్ మనిషిని గుర్తుపట్టి, వాళ్లకు చెందిన ఫోల్డర్లు తనంతట తానే తెరుస్తుంది. గీసేవాళ్లు మార్చవచ్చు. ప్రింటు తీసేవాళ్లు చూడవచ్చు గానీ మార్చలేరు. ఎవరు ఏది ముట్టుకున్నా పేరుతో సహా తెలుస్తుంది.

"అచ్ఛా!" అన్నాడు సార్. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఏ మాటకూ ఆయన అంత పొడుగు అచ్ఛా అనలేదు.

కొత్త మెషిన్ వచ్చింది. ఆమె దాని ముందు కూర్చుని పేర్లు ఎక్కించింది. నా పేరు నడుమ ఎక్కడో పడింది, టీ తెచ్చి, ప్రింట్లు తీసే అతని పేరుకు పైన, అకౌంట్స్ ఆయన పేరుకు కింద. అక్షర క్రమంలో వచ్చిందని నాకు తెలుసు. అయినా మనసు ఒప్పుకోలేదు.

అసలు మంట పుట్టింది మర్నాడు. కొత్త పేర్లతో ఫోల్డర్ తెరవబోతే కొన్ని కంప్యూటర్లు మొరాయించాయి. నేను దాచిపెట్టిన పాత పాస్‌వర్డ్ ఇంకా వాటి లోపల ఉంది. కొత్త పేరు కొట్టినా అవి వెనక నుంచి పాతదాన్నే చూపించి తగవు పెడుతున్నాయి. కారణం కనిపెట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి, దాచిన పాస్‌వర్డ్‌లు ఉండే చోటు తెరిచి, నాదాన్ని తీసేస్తూ పోయింది. ఒక్కొక్కటి తీసేసినప్పుడల్లా, "అయిపోయిందక్కా, ఇది కూడా పోయింది" అని హాలంతా వినపడేలా నవ్వుతూ చెప్పేది. ఆమె మనసులో ఏమీ లేదు. నా కళ్లల్లో మాత్రం కారం పడ్డట్టుండేది.

ఆ తర్వాత హాలులోంచి నన్ను ఎవరూ కేకేయలేదు. నా బల్ల దగ్గరికి స్టేప్లర్ కోసం వచ్చేవారు.

కార్తీకమాసంలో వ్రతానికి ఆమెను మా ఇంటికి పిలిచింది నేను కాదు, అమ్మ. మోప్కాలో మా ఇంట్లో అమ్మా నేనూ ఉంటాం. మా తాత కాలం నుంచీ రైల్వే క్వార్టర్లలో పెరిగిన కుటుంబం. శ్రీకాకుళం మాట ఇంట్లో మిగిలింది గానీ చదువంతా హిందీలోనే. తెలుగు అక్షరాలు నాకు వచ్చు, కూడబలుక్కుంటే తప్ప నోట్లోకి రావు. అమ్మకు చూపు తగ్గినప్పటి నుంచి వ్రత కథ నేనే చదువుతున్నాను. సగం చదివేసరికి దీపాలు కొండెక్కేవి.

ఆ ఏడు ఆమె చదివింది. చీర కొంగు నడుముకు చుట్టి, పీట మీద కూర్చుని, ఎక్కడా తడబడకుండా, కథలో ఏడవాల్సిన చోట గొంతు తగ్గించి మరీ చదివింది. అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది.

"ఏటి తల్లీ, ఎంత బాగా సదివీసినావు!" అంది. "మా పిల్లకి హిందీ వస్తాది, ఇంగ్లీసు వస్తాది. తెలుగు కాడికొచ్చేసరికి యార్డులో గూడ్సు బండిలాగ ఆగిపోతాది."

ఆమె గబగబా, "అట్ల కాదమ్మా, అక్కకు ఆఫీసుల ఎంత పనుంటదో మీకు తెల్వదు" అంది.

నన్ను వెనకేసుకొచ్చింది. దానికి ఇంకా ఒళ్లు మండింది. ఆఫీసులో నా చోటు తీసుకుంది సరే, ఇంట్లో పీట కూడా కావాలా అనుకున్నాను. ఆమె వెళ్లాక అమ్మతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆదివారం గోల్‌బజార్‌కు వెళ్లి, అక్కడ తెలుగు పుస్తకాలు దొరకక, తెలిసినవాళ్ల చేత విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాను. పట్టుదలతో చదవడం మొదలుపెట్టాను. భాష మీది ప్రేమ కాదది, ఆమె మీది కుళ్లు. ప్రేమ తర్వాత వచ్చింది.

ఎండాకాలంలో ఆమె సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లింది. ఆ వారంలోనే గాలిదుమారం వచ్చింది. చెట్లు పడి కరెంటు పోయింది, ఇంటర్నెట్ తీగ తెగింది. మర్నాడు కరెంటు వచ్చాక కంప్యూటర్లు తెరుచుకున్నాయి గానీ ఫోల్డర్ తెరుచుకోలేదు. ఎవరు ఏం కొట్టినా పెద్ద కంప్యూటర్ వాళ్లను ఎరగనంటోంది.

"దీదీ!" అన్నారు ఎవరో. తర్వాత ఇంకొకరు. అందరూ నా బల్ల చుట్టూ చేరారు. దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చినట్టు ఉంది నాకు.

సార్‌తో అన్నాను. "పాత పద్ధతే బాగుండేది. చెప్పండి, మళ్లీ అలాగే పెట్టేస్తాను."

సార్, "ముందు మేడమ్‌కు ఫోన్ చెయ్యండి" అన్నాడు.

చేశాను. వెనకాల పిల్లల గోల, గిన్నెల చప్పుడు. జరిగింది చెప్పాను.

"అక్కా, పెద్ద కంప్యూటర్‌ల తారీఖు చూడుండ్రి. గడియారం వెనక్కి పోయిందేమో."

"తెర మీద తాళం ఉంది. నేను లోపలికి ఎలా వెళ్లను?"

"నా పాస్‌వర్డ్ చెప్త, కొట్టుండ్రి." చెప్పేసింది. ఒక్కో అక్షరం, పెద్దదా చిన్నదా అని కూడా. అన్ని తాళాలకూ తాళం చెవి అది. నన్ను ముఖం తిప్పుకోమనడానికి ఆమె ఎదురుగా లేదు. ఉన్నా అనేది కాదు.

తెరిచి చూస్తే, ఆ కంప్యూటర్ ఎన్నో ఏళ్ల వెనక ఉంది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోగానే తారీఖు మరిచిపోయింది. ఆమె ఫోన్‌లో చెప్పింది. మనిషిని గుర్తుపట్టాక పెద్ద కంప్యూటర్ టైము వేసిన చీటీ ఇస్తుందట, ప్లాట్‌ఫాం టికెట్టులాగ. ఇరువైపులా గడియారాలు కలవకపోతే ఆ చీటీ చెల్లదట. తారీఖు సరిచేసి మళ్లీ ఆన్ చేశాను. ఫోల్డర్లు తెరుచుకున్నాయి. హాలులో చప్పట్లు కొట్టారు.

"మీరే చేసిండ్రు కదక్కా, నేనేం చేసిన?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ చప్పట్లు నాకు అంటలేదు. ఇన్నేళ్లు నేను పాస్‌వర్డ్‌ను పిడికిట్లో బిగించుకున్నాను. ఆమె తనదాన్ని ఒక్క గుక్కలో, వంట చేసుకుంటూ, ఇచ్చేసింది. ఇచ్చాక ఆమె దగ్గర ఏమీ తరగలేదు. అంతవరకు ఆమె తెలివిని చూసి కుళ్లుకున్నాను. తెలివి నేర్చుకుంటే వస్తుంది. ఆ ఇచ్చే గుణం ఎక్కడ నేర్పుతారు? అంత గట్టిగా నేను ఎవరి మీదా ఎన్నడూ అసూయ పడలేదు.

తిరిగొచ్చిన రోజున బ్యాటరీ మార్పించి, తన పాస్‌వర్డ్ మార్చుకుంది. "నా పేరు మీద మీరు చేసుడు మంచిది కాదక్కా. మీ పేరుకే అన్ని అధికారాలు ఇచ్చిన, చూడుండ్రి" అంది. పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు చేర్చడం, తీసేయడం, ఎవరికి ఏ ఫోల్డరో పంచడం వరుసగా నేర్పింది. మంచి శిష్యురాలినేమీ కాదు. ఆమె రెండోసారి చెప్పినప్పుడల్లా ముఖం ముడుచుకునేదాన్ని. ఆమె మూడోసారి కూడా చెప్పేది.

వాళ్లాయనకు మళ్లీ బదిలీ అయింది. స్టేషన్‌కు నేనూ అమ్మా వెళ్లాం. అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. నేను సామాను ఎక్కించాను.

ఇప్పుడు ఆ పెద్ద కంప్యూటర్‌ను నేనే చూసుకుంటున్నాను. బాగానే నడుస్తోంది. అయినా మొన్న ఎవరికో ఒక ఫోల్డర్ తెరవడం ఆలస్యమైతే సార్, "మేడమ్ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అన్నాడు. అప్పుడూ ఇలాగే ఉండేది. నేను లేచి వెళ్లి ఆ ఫోల్డర్ తెరిచి ఇచ్చాను. ఆమె మీది కుళ్లు మాత్రం మళ్లీ చురుక్కుమంది.